తలుపు కొట్టిన ఆదివారం

మా ఊళ్లో ఎవరూ తలుపు కొట్టరు. పెరటి తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేస్తారు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, కెటిల్ మీద చెయ్యి పెట్టి వేడిగా ఉందో లేదో చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆ తర్వాతే "ఏం పిల్లా, ఎలా ఉన్నావ్" అంటారు. తలుపు కొట్టేవాళ్లు ముగ్గురే: పోలీసు, పాదిరి, దారి తప్పిన పరాయివాడు. అందుకే తలుపు చప్పుడైతే ఇంట్లోవాళ్ల గుండె ఝల్లుమంటుంది, సముద్రం మీదికి వెళ్లినవాళ్లలో ఎవరికి ఏమైందోనని.

సెయింట్ జాన్స్ పట్నంలో అద్దె గదుల మేడలో పెరిగిన నాకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పెళ్లయి ఈ కాడ్లర్స్ కోవ్ ఊరికి వచ్చిన రోజున, నా భర్త లియో కారులోంచి పెట్టెలు దించుతుంటే, మర్యాద తెలిసిన కోడలినని చూపించుకోవడానికి ముందుకు వెళ్లి అత్తగారింటి తలుపు కొట్టాను. లోపల గిన్నె జారి పడిన చప్పుడు. మా అత్తగారు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, నా భుజాలు పట్టుకుని "పడవ మునిగిందా? చెప్పు తల్లీ, ముసలాయన పోయాడా?" అని ఏడ్చేసింది. మామగారు ఆ సాయంత్రం నిక్షేపంగా చేపలతో తిరిగొచ్చారు. ఊరంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పదిహేనేళ్ల పాటు ప్రతి క్రిస్మస్‌కీ ఎవరో ఒకరు ఆ కథ చెప్పడం, నేను సిగ్గుపడటం, ఇంకో ముక్క కేకు తినడం మామూలైపోయింది. ఆ కథ విల్ఫ్ టిజార్డ్ చేతికి చిక్కేదాకా దానితో నాకు ఏ పేచీ లేదు.

ఆ వసంతంలో మాకు అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. పడవ మీద వలతాళ్లు లాగుతూ లియో నడుం పట్టేసుకుంది. పిల్లలు తక్కువయ్యారని బడి వంటగది మూసేశారు, అక్కడ నా ఉద్యోగం పోయింది. ఇక మిగిలింది రేవులో పీతల ఫ్యాక్టరీ. అఖాతంలో మంచు విడిచాక ఏప్రిల్‌లో మొదలుపెట్టి జూలై చివరిదాకా అక్కడ పనిలో నిలబడితే, చలికాలమంతా గడవడానికి నిరుద్యోగ భృతి వస్తుంది. మధ్యలో మానేస్తే రాదు. అది రాకపోతే ఇల్లు మూసేసి, దేశానికి ఆ చివరనున్న ఆల్బర్టాలో లియో తమ్ముడు సిరిల్ ఇంటి నేలమాళిగలో కాపురం పెట్టాలి. ఊళ్లో పుట్టిన లియోకి వెళ్లడం ఇష్టం లేకపోయినా సిద్ధపడ్డాడు. బయటినుంచి వచ్చిన నేనే సిద్ధపడలేదు. ఈ గాలికీ, ఈ రాళ్లకీ, తలుపు తోసుకుని వచ్చే ఈ జనానికీ అలవాటు పడటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అలవాటు పడ్డాక వదిలి పొమ్మంటే ఒళ్లు మండుతుంది.

ఫ్యాక్టరీలో మా బల్ల దగ్గర అందరం ఆడవాళ్లమే. ఉడికి చల్లారిన పీతకాళ్ల జతలు బెల్టు మీద వస్తుంటే, విరిగినవి తీసేసి మంచివి ట్రేలలో సర్దాలి. మా షిఫ్టు మీద పెత్తనం విల్ఫ్‌ది. చూడటానికి చెడ్డవాడు కాడు. పెళ్లిళ్లలో అకార్డియన్ వాయిస్తాడు. మంచు పడితే ముసలివాళ్ల వాకిళ్లు ఊడ్చి పెడతాడు. అతను ఉన్నచోట నవ్వులుంటాయని ఊళ్లో పేరు.

మొదటి రోజు నేను ఏప్రాన్ కట్టుకుని బల్ల దగ్గరికి రాగానే, విల్ఫ్ వేళ్ల కణుపులతో స్టీలు బల్ల మీద ఠక్ ఠక్ ఠక్‌మని కొట్టాడు.

"ఎవరండీ అది? పాదిరిగారా? అబ్బే కాదు, దొరసానిగారు! వేంచేయండి, వేంచేయండి. దారివ్వండర్రా, పట్నం దొరసానికి పీతకంపు తగలకుండా చూడండి!"

బల్లంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా.

మర్నాడూ ఠక్ ఠక్ ఠక్. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆ బల్ల దగ్గర నాకు పేరు లేకుండా పోయింది. దొరసానీ, ఆ ట్రే ఇటు. దొరసానీ, ఆ మూలకి. పీతల్ని చల్లటి ఉప్పునీళ్లలో ముంచి గడ్డకట్టించే గది దగ్గర వేళ్లు కొంకర్లు పోయే పనికి వంతులుంటాయి. నా వంతు ఎలాగూ నాదే, నా పక్కన నిలబడే బెర్నడెట్ వంతు కూడా నాదే. పీతలు తక్కువ వచ్చిన రోజున, ఆఖరున చేరినవాళ్లు మిగతా గంటల కూలి వదులుకుని ముందు ఇంటికి వెళ్లాలన్నది ఫ్యాక్టరీ పద్ధతి. విల్ఫ్ చెల్లెలు వెర్నా నాకంటే వారం వెనక చేరింది. అయినా "దొరసానిగారు అలిసిపోయారు, పల్లకీ పిలవండి" అని ముందు నన్నే పంపేసేవాడు. పని మధ్యలో టాయిలెట్‌కి వెళ్లాలంటే మిగతావాళ్లు చెయ్యెత్తితే చాలు, తల ఊపేవాడు. నేను మాత్రం అతని అద్దాల గదిదాకా నడిచి, తలుపు కొట్టి, రమ్మనేదాకా నిలబడాలని కొత్త నియమం పెట్టాడు.

"దొరసానికి తలుపు కొట్టడం సరదా కదర్రా. ఆ సరదా మనమెందుకు కాదనాలి?"

మళ్లీ నవ్వులు.

మే నెలలో ఒక రోజు పెద్ద పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, బెల్టు ఒక్క క్షణం ఖాళీ లేకుండా నిండిపోయింది. మధ్యాహ్నం టీకి కూడా వదల్లేదు. నేను ఇక ఆగలేక అద్దాల గది దగ్గరికి వెళ్లి తలుపు కొట్టాను. విల్ఫ్ లోపల కుర్చీలో కూర్చుని బన్ను తింటున్నాడు. నన్ను చూశాడు. ఒక వేలు ఎత్తి, ఉండమన్నాడు. బన్ను అయ్యాక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినబడలేదు, మళ్లీ కొట్టమన్నట్టు సైగ చేశాడు. కొట్టాను. మళ్లీ అదే సైగ. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మళ్లీ కొట్టాను.

పొద్దున్నుంచి బిగబట్టుకున్న ఒళ్లు. ఎంతసేపని ఆగుతుంది? రబ్బరు ప్యాంటు లోపల వెచ్చగా కారి బూట్లోకి దిగింది.

అతనికి తెలిసిపోయింది. నా మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బయటికొచ్చి, నేల కడిగే గొట్టం తీశాడు. "దొరసానిగారి కోటలో వరదొచ్చిందర్రా, జరగండి!" అంటూ నడుం నుంచి కిందికి నన్ను కడిగేశాడు. సముద్రపు చన్నీళ్లు. షెడ్డంతా నవ్వింది. పక్కనే ఉన్న బెర్నడెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

నేను ఏడవలేదు. వెళ్లి నా చోట్లో నిలబడి, షిఫ్టు అయ్యేదాకా పీతకాళ్లు సర్దాను. పళ్లు టకటకలాడుతున్నా కదల్లేదు. ఇంటికి పంపించాననే తృప్తి కూడా అతనికి ఇవ్వదలుచుకోలేదు.

ఇంట్లో లియోకి చెప్పాను. మంచం మీద ఉన్నవాడు ఉన్నట్టే లేచి బూట్ల కోసం వంగబోయి, "అబ్బా" అని సగంలో ఆగిపోయాడు.

"వాడి పళ్లు రాలగొడతాను."

"నువ్వు బూటు తొడుక్కునేసరికి సీజన్ అయిపోతుంది. పడుకో."

నవ్వబోయి నొప్పితో మొహం చిట్లించాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "సిరిల్‌కి ఫోన్ చేస్తాను, రోజెల్లా. వెళ్లిపోదాం. నిన్ను అలా చేసిన ఊళ్లో మనకేం పని?"

"చేసింది ఊరు కాదు, విల్ఫ్."

"ఊరు నవ్వింది కదా."

ఆ మాట లోపలికి దిగి కూర్చుంది.

ఆ గురువారం పట్నం నుంచి ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. బల్ల దగ్గరివాళ్లని ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు కూడా. సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, "అతను సరదాకే చేశాడని అందరూ అంటున్నారండీ," అన్నాడు. "అందరూ నవ్వుతారట కదా. మొదట్లో మీరూ నవ్వారని చెప్పారు. ఎవరైనా ఒక్కరు మీ తరఫున చెబితే నేను ఏమైనా చెయ్యగలను."

ఆఫీసులోంచి బయటికి వస్తుంటే విల్ఫ్ తన ట్రక్కు దగ్గర ఒంటరిగా ఎదురయ్యాడు. నేను గోడవారకి జరిగాను. అతను టోపీ మీద చెయ్యి వేసి, "చలి ఇంకా పోలేదు కదమ్మా," అని ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. ఎంతో పద్ధతిగా.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆలోచిస్తే అదంతా మొదటినుంచీ అంతే. దుకాణంలో ఎదురైనా, చర్చి మెట్ల దగ్గర ఎదురైనా విల్ఫ్ నన్ను ఒక్క మాట అనలేదు. పక్కన నవ్వేవాళ్లు లేకపోతే అతనికి నోరే పెగలదు. మేనేజరుకి సాక్ష్యం చెప్పేంత ధైర్యం మా బల్ల దగ్గర ఎవరికీ లేదు సరే. నవ్వకుండా ఉండటానికి ఎంత ధైర్యం కావాలి?

ఆదివారం చర్చి అయ్యాక కోటు విప్పలేదు. మధ్యాహ్నం భోజనాలై ఊరంతా కడుపు నిండి కూర్చునే వేళ. ప్రతి ఇంటి నుంచీ ఉప్పు బీఫూ క్యాబేజీ ఉడికిన వాసన.

"ఇంటింటికీ వెళ్తావు సరే," అన్నాడు లియో. "తలుపు కొట్టడం ఎందుకు? గుండె ఆగి చస్తారే."

"కాసేపు ఆగనీ."

ముందు ఫ్రోనీ అత్త ఇంటికి వెళ్లాను. ఊళ్లో పెద్దవయసు ఆడవాళ్లందరూ అందరికీ అత్తలే. బల్ల దగ్గర అందరికంటే పాత మనిషి ఈవిడ. పెరటి తలుపు ముందు నిలబడి కొట్టాను. లోపల రేడియో ఆగిపోయింది. తలుపు తెరిచిన ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు అత్తా. నేనే."

"నీ తలకాయ్! మా అబ్బాయి ఆంబ్రోస్ సముద్రం మీదున్నాడే! పదిహేనేళ్లయినా బుద్ధి రాలేదా నీకు? లోపలికి తగలడు, టీ పోస్తాను."

"టీ వద్దు."

అప్పుడు నన్ను తేరిపార చూసింది. మా ఊళ్లో టీ వద్దనడం కూడా తలుపు కొట్టడం లాంటిదే.

"పరాయిదాన్నని బల్ల దగ్గర రోజూ చెబుతున్నారు కదా అత్తా. అందుకే పరాయిదానిలా వచ్చాను. ఒకటి అడిగి వెళ్లిపోతాను. రేపు విల్ఫ్ బల్ల కొట్టినప్పుడు నవ్వొద్దు. నా తరఫున మాట్లాడమనను. వాడితో పోట్లాడమనను. ఆఫీసుకి రమ్మని కూడా అనను. నవ్వొద్దు, అంతే."

ఫ్రోనీ అత్త తలుపు పట్టుకునే నిలబడింది. "వాడి జోకులకి నాకేం నవ్వు వస్తుందే? ఏదో పళ్లు ఇకిలిస్తాను, నా జోలికి రాకుండా." ఆగి, "మొన్న గొట్టం పట్టినప్పుడు... నేను నవ్వానా?" అంది.

"నవ్వావు అత్తా."

"నవ్వానా," అంది మళ్లీ, తనలో తాను. "వెళ్లు. రేపు చూద్దాం."

తర్వాత బెర్నడెట్. చప్పుడు విని ఒక్క ఉరుకున వచ్చింది. నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుని, "చంపావు కదే! పిచ్చా నీకు?" అని నా చెయ్యి పట్టి లాగింది. నేను గడప దాటలేదు. అడగాల్సింది అడిగాను. నీళ్లు నమిలింది.

"సరదాకి అన్నదాన్ని పట్టుకుని ఇంత చేస్తావేంటి రోజెల్లా? వాడి సంగతి నీకు తెలియదు. ఇవాళ నేను నవ్వకపోతే రేపు నా మీద పడతాడు. నా లావు గురించి వాడి దగ్గర సంచెడు జోకులున్నాయి."

"పడతాడు," అన్నాను. "కానీ నీ మీద పడినప్పుడు నేను నవ్వను. ఆ మాట నీకు ఇస్తున్నాను."

నేను గేటు దాటేదాకా బెర్నడెట్ తలుపు వేసిన చప్పుడు వినబడలేదు.

అలా బల్ల దగ్గరి ప్రతి మనిషి ఇంటికీ వెళ్లాను. ఒకామె కర్టెను సందులోంచి చూసి తలుపు తియ్యలేదు. ఒకామె విల్ఫ్ తన కొడుక్కి పడవలో పని ఇప్పించాడని, తనని ఇరికించొద్దని చెప్పింది. ఒకామె కళ్లు తుడుచుకుంది. ప్రతి గుమ్మం దగ్గరా అవే మాటలు చెప్పాను, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. సిగ్గు మొదటి రెండు ఇళ్ల దగ్గరే వదిలిపోయింది.

ఆఖరి ఇల్లు వెర్నాది. అన్న ఇంటికి నాలుగు అడుగుల్లో ఉంటుంది. నేను అడిగింది విని చేతులు కట్టుకుంది.

"నవ్వుతాను. వాడు మా అన్న."

"సరే."

"సరే ఏంటి? ఇంకేమీ అనవా?"

"అడగడానికి వచ్చాను. అడిగాను."

వెనక్కి తిరిగాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అంది. "ఇంట్లో వాడు నోరే విప్పడు, తెలుసా? అమ్మతో కూడా. ఆ కులాసా అంతా అక్కడే." ఎందుకు చెప్పిందో నాకు తెలియలేదు. తలుపేసుకుంది.

సోమవారం ఉదయం ఏప్రాన్ కట్టుకుంటుంటే భయమేసింది. నిజం చెప్పాలంటే చాలా భయమేసింది. వీళ్లు ఇవాళ కూడా నవ్వితే, ఇక రేపు ఈ బల్ల దగ్గరికి రావడానికి నాకు కాళ్లు రావని తెలుసు. నడుచుకుంటూ వెళ్లి నా చోట్లో నిలబడ్డాను.

ఠక్ ఠక్ ఠక్.

"ఎవరండీ అది? ఓహో, దొరసానిగారు! నిన్న ఊరంతా ఊరేగారట కదా!"

బెల్టు చప్పుడు. నీళ్లు కారుతున్న చప్పుడు. ఫ్రోనీ అత్త ఒక పీతకాలు తీసి వెలుతురుకి పట్టి చూసి, ట్రేలో పెట్టింది. బెర్నడెట్ మెడ ఎర్రగా కందిపోయింది కానీ తల ఎత్తలేదు.

విల్ఫ్ మళ్లీ కొట్టాడు, ఇంకా గట్టిగా. "ఏంటర్రా, అందరికీ ఒకేసారి చెవుడొచ్చిందా?"

అప్పుడు వెర్నా నవ్వింది. ఆ పెద్ద షెడ్డులో ఒక్కదాని నవ్వు. అది ఎంత వింతగా వినబడిందో ఆమెకే తెలిసినట్టుంది, సగంలో ఆపేసింది. విల్ఫ్ చెల్లెలి వైపు చూశాడు, మా అందరి వైపూ చూశాడు, తనే ఒకసారి హహ్హ అన్నాడు. తర్వాత ఏదో పనున్నట్టు గదిలోకి వెళ్లిపోయాడు.

అంతటితో మారిపోయాడనుకుంటే పొరపాటు. కసి తీర్చుకున్నాడు. నన్ను గడ్డకట్టు గది దగ్గరే ఉంచేశాడు. నా చేతుల చర్మం పగిలి నెత్తురు వచ్చింది. రాత్రుళ్లు లియో వాటికి వెన్న రాసేవాడు. బెర్నడెట్ భయపడినట్టే ఆమె లావు మీద పడ్డాడు. "బెర్నడెట్ పక్కకి జరగర్రా, బెల్టు వంగిపోతోంది" అన్న రోజున, ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగి నా వైపు చూసింది. నేను ఆమె కళ్లల్లోకి చూస్తూ రాయిలా నిలబడ్డాను. ఇంకెవరూ కిమ్మనలేదు. ఆ రోజు సాయంత్రం బెర్నడెట్ మా పెరటి తలుపు తోసుకుని వచ్చి, కుర్చీలో కూలబడి, "టీ పొయ్యి. మొహం మాడ్చుకుని ఉండటం ఎంత కష్టమే తల్లీ," అంది. నేను ఆ సీజన్‌లో మొదటిసారి కడుపునిండా నవ్వాను.

జూన్‌లో పొగమంచు కమ్మిన రోజు. పడవలు కదల్లేదు. పొద్దున ఉన్న పీతలు మధ్యాహ్నానికే అయిపోవచ్చాయి. విల్ఫ్ బల్ల చివర నిలబడ్డాడు. ఇప్పుడు నవ్వించే గొంతు లేదు, ఉత్త గొంతు.

"దొరసానీ. ఇంటికి."

నేను గ్లోవు విప్పబోయాను. ఇంకా కొన్ని వారాలు, అంతే, అనుకుంటున్నాను. ఎదురుగా వెర్నా వెనక్కి చేతులు పెట్టి ఏప్రాన్ ముడి విప్పుతోంది.

"నేను తనకంటే వారం వెనక చేరాను," అంది. "ముందు నా వంతు."

"నోర్మూసుకుని నీ పని చూడు," అన్నాడు విల్ఫ్.

"నా వంతు, విల్ఫ్."

ఏప్రాన్ మేకుకి తగిలించి, గోడవారగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. విల్ఫ్ మొహం కందగడ్డలా అయింది. చెల్లెల్ని ఆపలేడు, నన్ను పంపలేడు. కాసేపటికి ఫ్రోనీ అత్త గ్లోవులు విప్పి బల్ల మీద పెట్టింది. చెయ్యెత్తలేదు. ఎవరి వైపూ చూడకుండా, "నేను టాయిలెట్‌కి వెళ్లొస్తున్నాను," అని చెప్పి వెళ్లింది. ఆవిడ వచ్చాక నేను గ్లోవులు విప్పాను.

"నేనూ వెళ్లొస్తున్నాను," అన్నాను.

అద్దాల గది ముందు నుంచే నడిచి వెళ్లాను. ఆగలేదు. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరం చెయ్యెత్తలేదు.

జూలై ఆఖర్లో, చివరి షిఫ్టుకి ముందు రోజు సాయంత్రం, లియో నేనూ భోజనం చేస్తుంటే తలుపు చప్పుడైంది. ఇద్దరం ఫోర్కులు వదిలేశాం.

"ఎవరు పోయారో చూడు," అన్నాడు లియో పాలిపోయి.

తలుపు తీస్తే విల్ఫ్. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"వెర్నాకి నువ్వు చెప్పాలి," అన్నాడు నా కాళ్ల వైపు చూస్తూ.

"ఏమని?"

"మా ఇంటికొచ్చి తలుపు కొడుతోంది. ఆ పొగమంచు రోజు నుంచీ అంతే. అమ్మకి రొట్టె తెచ్చినా, చక్కెర అడగడానికొచ్చినా, కొట్టి బయట నిలబడుతోంది. రమ్మంటేనే వస్తోంది. టీ ఇస్తే వద్దంటోంది. చప్పుడైనప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడుతోంది. నువ్వు మానమంటే మానుతుంది."

"కొట్టమని నేను చెప్పలేదు."

"నీ దగ్గరే నేర్చుకుంది."

"కాదు విల్ఫ్. నీ దగ్గర."

అతని దవడ కదిలింది. "సరే. తప్పయింది. చాలా?"

కెటిల్ నా వెనక పొయ్యి మీద మరుగుతోంది. లోపలికి రమ్మనడం నాలుక చివరిదాకా వచ్చింది, ఇన్నేళ్ల అలవాటు మరి. మింగేశాను.

"చాలదు. అన్నది బల్ల దగ్గర, నీళ్లు పట్టింది బల్ల దగ్గర. చెప్పాల్సింది కూడా అక్కడే. ఈ గుమ్మంలో నా ఒక్కదానికి చెబితే నాకొద్దు."

"అందరి ముందా?"

"అప్పుడు అందరూ ఉన్నారు కదా."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వంటింటి గుమ్మం దాకా వచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడం నా కాపురంలో అదే మొదటిసారి. తలుపు వేసి వెళ్లి కూర్చున్నాను. లియో నా కంచం నా వైపు జరిపి, "సిరిల్‌కి ఫోన్ చెయ్యనక్కర్లేదన్నమాట," అన్నాడు.

మర్నాడు ఆఖరి పీతలు బెల్టు మీదికి రాకముందు విల్ఫ్ బల్ల దగ్గరికి వచ్చాడు. అలవాటుగా చెయ్యి బల్ల మీదికి లేచింది. అందరం చూశాం. ఆ చేతిని తీసి జేబులో పెట్టుకున్నాడు.

"రోజెల్లా," అన్నాడు.

ఆ సీజన్ మొత్తంలో నా పేరు అతని నోట వినడం అదే మొదలు.

"ఆ గొట్టం సంగతి. ఆ తలుపు సంగతి. అది సరదా కాదు. తప్పు నాది." ఆగాడు. ఎవరైనా నవ్వుతారేమోనని మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"విన్నాను," అన్నాను.

"బెల్టు తిప్పు బాబూ," అంది ఫ్రోనీ అత్త. "ఇళ్లకి పోవద్దూ?"

సాయంత్రం బూట్లు కడిగి, ఏప్రాన్లు అప్పజెప్పి, కొండదారిన వెర్నా నేనూ కలిసి నడిచాం. చలికాలం గడిచిపోతుంది, ఇల్లు మూసెయ్యనక్కర్లేదు అన్న మాట అప్పుడే నా ఒంటికి తెలుస్తున్నట్టుంది. కాళ్లు తేలిగ్గా పడుతున్నాయి. విల్ఫ్ ఇంటి దగ్గరికి రాగానే వెర్నా ఆగింది. వాళ్లమ్మ కోసం కొన్న మందులు ఆమె చేతిలో ఉన్నాయి.

"ఇక మామూలుగా వెళ్లొచ్చు కదా," అన్నాను. "చెప్పాడుగా."

"నీకు చెప్పాడు," అంది వెర్నా. "నన్ను అందరి ముందూ నోర్మూసుకోమన్నాడు. దాని సంగతి ఇంకా తేలలేదు."

పెరట్లోకి నడిచి, తలుపు ముందు నిటారుగా నిలబడి, గట్టిగా కొట్టింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, విల్ఫ్ అడుగులు.

నేను అక్కడ ఆగలేదు. మా ఇంటికి వెళ్లి, తలుపు తోసుకుని లోపలికి నడిచాను.